రెండేళ్ళకోసారి వచ్చేవాడికేదీ హోదా?

అమెరికా నుంచి సెలవులకొచ్చిన మా మరిది జేబులోంచి ఓ కార్డు తీశాడు. "వదినె, ఇదుంటే క్యూ ఉండదు, పెట్టె కూడా ఒకటి ఎక్కువ తెచ్చుకోవచ్చు" అని మురిసిపోయాడు. తరచూ ఎగిరేవాళ్ళకి విమాన కంపెనీలిచ్చే హోదా అట!

ఆ హోదాకి కొలబద్ద అందరికీ ఒకటేననుకునేరు! యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో 2014 నుంచి 2019 దాకా తొలిమెట్టుకు ఏడాదిలో 25,000 మైళ్ళు ఎగరడమే కాక, ఇన్ని డాలర్లు ఖర్చు పెట్టాలనీ షరతుండేది. ఆ ఖర్చు షరతు అమెరికా చిరునామా వాళ్ళకే. బయటి దేశాల వాళ్ళకి లేదు. 2020లో ఆ మినహాయింపు పోయింది.

అంటే, చిరునామా చూసి షరతు సడలించడం కంపెనీలకు చేతనవునన్నమాట! మరి మా కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలు వదిలి గల్ఫ్‌కి పోయినవాళ్ళ మాటేమిటి? హైదరాబాదు నుంచి దుబాయి సుమారు 1,600 మైళ్ళు. 25,000 కావాలంటే ఏడాదికి ఎనిమిదిసార్లు వచ్చిపోవాలి. మా వీధిలో ఒకామె పెనిమిటి రెండేళ్ళకోసారి వస్తాడు! "రెండు కిలోలు ఎక్కువైనయని పిల్లదాని బొమ్మ ఆడనే ఇడిసిపెట్టి వచ్చిండక్కా" అంది మొన్న.

కంపెనీ డబ్బుతో ఎగిరేవాడికి పెట్టె ఉచితం, చెమటోడ్చి టిక్కెట్టు కొన్నవాడికి బొమ్మ భారం! ఎన్ని మైళ్ళు ఎగిరావని కాదు, ఎన్నాళ్ళకి ఇల్లు చేరుతున్నావని అడగాలి. గల్ఫ్ చిరునామా చూసి ఒక్క పెట్టె వదిలేస్తే విమానం కూలిపోదుగా! మీరేమంటారు?