విప్పరాని బండి ఎవరిది?

సొంత బండిని సొంత చేతులతో బాగుచేసుకోవడం పేదరికపు అలవాటని ఈమధ్య చదువుకున్నవారి నోటనే వినవలసి వస్తున్నది. కొంచెం మర్యాదస్తులైతే "ఇప్పటి బండ్లలో మనకేం తెలుస్తుందండీ, కంపెనీవాళ్ళకి అప్పజెప్పడమే మేలు" అంటారు. రెండు మాటల సారమూ ఒక్కటే. డబ్బు కట్టేది నువ్వు, వాయిదాలు నీవి, తాళంచెవి నీది, కానీ బండి లోపల ఏముందో నీకు అనవసరం. ఈ వాదం తప్పు. మన కృష్ణా డెల్టా వంటి చోటైతే అపాయకరం కూడా.

పై దేశాలలో ఈ వివాదం ఎక్కువగా స్పోర్ట్సు కార్ల యజమానుల మధ్య నడుస్తుంది. శని ఆదివారాలలో షెడ్డులో కారు కింద పడుకుని బ్రేకులు విప్పడం, కొత్త షాకబ్జార్బరు బిగించడం వారికి పూజతో సమానం. మనకు ఆ జాతి కార్లు అరుదు. బొడ్డు నేలకు రాసుకునే కారు బందరు కోనేరు సెంటరులో చూడముచ్చటగా ఉంటుంది గానీ, అవనిగడ్డ దాటి కరకట్ట ఎక్కితే దాని కథ కంచికే. దేశంలో తయారైన వాటిలో 1998లో వచ్చిన శాన్ స్టార్మ్ ఒకటుండేది. రెండే సీట్లు, ఫైబరు ఒళ్ళు, రెనో వారి 1,149 సీసీ ఇంజను. ఫైబరు కనుక బందరు ఉప్పుగాలికి తుప్పు పట్టేది కాదని ఒక విధంగా మనకు నప్పే కారే! అదీ నిలవలేదు.

కాబట్టి మన డెల్టాకు స్పోర్ట్సు కారంటే ఆర్ఎక్స్ 100. ఎస్కార్ట్సు వారు యమహాతో కలిసి 1985లో తెచ్చిన 98 సీసీ టూ స్ట్రోకు బండి. బలం 11 గుర్రాలు, బరువు నూరు కిలోల పైచిలుకు. తయారీ 1996లో ఆగిపోయింది. దాని పెద్దన్న రాజదూత్ 350. 1983లో వచ్చింది. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, మొదటి రకానికి ముప్పై గుర్రాలకు పైన బలం. ఆ దశాబ్దం ముగిసేసరికి అదీ పోయింది. పోవడానికి పెట్రోలు దాహం ఒక కారణమైతే, విడిభాగాల ధర, వాటి కొరత, దాన్ని విప్పగల మెకానిక్కులు చాలినంతమంది లేకపోవడం మరొక కారణం. అంత గొప్ప బండి లోపల ఏముందో జనానికి తెలియక చచ్చిపోయిందన్నమాట. దాని తమ్ముడు జనానికి తెలిసి బ్రతికింది.

ఎలా బ్రతికిందో చూడండి. సైలెన్సరు లోపలి గొట్టం పీకి నిప్పుల్లో కాల్చి బొగ్గు రాల్చడం, కార్బొరేటరు జెట్టును పెట్రోలులో కడిగి ఊదడం, రింగులు అరిగితే బోరు కొట్టించి ఓవరుసైజు పిస్టను వేయించడం, ఇవన్నీ గుడివాడలో, చల్లపల్లిలో పదో తరగతి తప్పిన కుర్రాడికి వచ్చిన విద్యలు. పెద్ద లేతు పని పడితే బెజవాడ ఆటోనగరు. ఈ విద్య ఆకాశం నుంచి ఊడిపడలేదు. కాలవ చివరి భూములకు నీళ్ళు తోడే డీజిలు ఇంజన్ల దగ్గర, చెరువుల్లో తిరిగే ఏరియేటర్ల దగ్గర, నాగాయలంక పడవ ఇంజన్ల దగ్గర పుట్టింది. నడి పాయలో ఇంజను ఆగితే పడవవాడు అధీకృత సేవాకేంద్రానికి ఫోను చేసి సోమవారం దాకా కూర్చోడు. అతణ్ణి నాగరికత లేనివాడని అనగలవారు అనవచ్చును.

ఇక కంపెనీలకు అప్పజెప్పమనే పెద్దలకు ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. శంషేర్ కటారియా అనే వినియోగదారుడు 2011లో మూడు కార్ల కంపెనీల మీద కాంపిటీషన్ కమిషనుకు ఫిర్యాదు చేశాడు. అసలు విడిభాగాలను, తప్పు పట్టే పరికరాలను బయటి మెకానిక్కులకు దొరకనివ్వడం లేదని. తీగ లాగితే డొంకంతా కదిలింది. 2014 ఆగస్టు 25న కమిషను 14 కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. మారుతీ, టాటా, మహీంద్రా అందరూ ఆ పట్టికలో ఉన్నారు. జరిమానా కన్నా ముఖ్యమైనది ఆదేశం. భాగాలను, పరికరాలను బయటివారికి అమ్మాలి. బయట బాగుచేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దు అని గుండుగుత్తగా చెప్పకూడదు. టొయోటా, ఫోర్డు, నిస్సాన్ అప్పీళ్ళలో 2016లో ట్రిబ్యునలు జరిమానా లెక్క తగ్గించింది గానీ తప్పు జరిగిందన్న నిర్ణయాన్ని నిలబెట్టింది. అంటే "మీకేం తెలుస్తుందండీ" అన్న మాట సహజంగా పుట్టింది కాదు. తెలియకుండా తలుపు మూసి, ఆనక తెలియదని వెక్కిరించడమది.

2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వాహనాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. ఆ డిసెంబరులో ఒక పోర్టలు వచ్చింది. సంతోషం. పోర్టలు చట్టం కాదు. అమెరికాలో మసాచుసెట్సు ఓటర్లు 2012లోనే కార్ల మరమ్మతు హక్కును ఓటు వేసి తెచ్చుకున్నారు.

మన చట్టం చూపు వేరే వైపున్నది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ మొదట చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణలో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చట్టం ఉద్దేశం మంచిదే. నా తగాదా అమలుతో. మరమ్మతు వేరు, మార్పు వేరు. అరిగిన పిస్టను తీసి అదే కొలత పిస్టను వేయడం మరమ్మతు. అదే రకం ఇంజను అనుమతితో మార్చుకోవడానికి ఆ సెక్షనులోనే వీలుంది. ఈ తేడా రోడ్డు పక్కన బండి ఆపేవారికీ తెలియదు, ఆగినవాడికీ తెలియదు. తెలియనిచోట బేరం పుడుతుంది. ఆ బేరం ఎటువంటిదో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ గందరగోళానికి సగం పాపం మనవాళ్ళదే. సైలెన్సరు గొట్టం పీకేసి అర్ధరాత్రి గుడివాడ వీధుల్లో తుపాకీ పేల్చినట్టు పోయేవాడు తనను తాను బండి ప్రేమికుణ్ణనుకుంటాడు. వాడి సైలెన్సరును పోలీసులు రోడ్డు రోలరు కింద వేయిస్తే నేను చప్పట్లు కొడతాను. టూ స్ట్రోకు ఇంజనులో సైలెన్సరు ఉత్త గొట్టం కాదు. అందులోంచి వెనక్కి వచ్చే ఒత్తిడి అల సిలిండరులోని కొత్త మిశ్రమం జారిపోకుండా ఆపుతుంది. లోపలిది పీకేస్తే చప్పుడు పెరుగుతుంది, లాగుడు చాలాసార్లు తగ్గుతుంది. శబ్దం కోసం బలాన్ని అమ్ముకున్నవాణ్ణి ఏమనాలి? పోర్టులు గీకించి, పెద్ద కార్బొరేటరు పెట్టి, ముందూ వెనకా అవే పాత డ్రమ్ము బ్రేకులతో తిరిగేవాడు ఇంకా ప్రమాదకారి. బండికి చేయదలచిన మొదటి మెరుగు బ్రేకు లైనర్లు, రెండవది టైర్లు, మూడవది ముందు దీపం. ఇంజను సంగతి ఆ తరువాత. కాలవ గట్టు మీద ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే పనికొచ్చేది పోర్టులు కాదు.

ఇక నకిలీ భాగాల సంగతి. బందరు పక్కన చిలకలపూడి ఉన్నది. రోల్డుగోల్డు నగలకు పేరుపడ్డ ఊరు. అక్కడి పనివాడు పూతను పూత అని చెప్పి అమ్ముతాడు, పూత ధరే తీసుకుంటాడు. అందుకే ఆ ఊరికి పరువున్నది. విడిభాగాల అంగట్లో మాత్రం నకిలీ బ్రేకు షూను అసలు డబ్బాలో పెట్టి అసలు ధరకు అంటగడతారు. కంపెనీలవారు ఈ నకిలీలను చూపించే మనల్ని భయపెడతారు. అయ్యా, అసలైనది మీరు బయట అమ్మకపోవడం వల్లనే కదా నకిలీవాడికి మేడలు లేచింది!

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది. బుడమేరు బెజవాడను ముంచింది, కింద దివిసీమ లంకలు మునిగాయి. బండ్లు వేలల్లో నీటి పాలయ్యాయి. మునిగిన బండికి మొదటి వైద్యం ఏమిటో యజమానికి తెలిసి ఉంటే ఎన్ని ఇంజన్లు దక్కేవి! నీళ్ళు తీసిన వెంటనే కిక్కు కొట్టకూడదు, కారైతే సెల్ఫు ముట్టకూడదు. నీరు నొక్కుకుపోదు కనుక లోపల కనెక్టింగు రాడ్డు వంగుతుంది. ముందు ప్లగ్గు విప్పి, మెల్లగా తిప్పి నీరు కక్కించాలి. కార్బొరేటరు గిన్నె ఖాళీ చేయాలి. ఆయిలు మజ్జిగలా తెల్లబడితే తీసి పారబోసి కొత్తది పోయాలి, కొంతసేపు నడిపి మళ్ళీ మార్చాలి. ఇది పావుగంటలో నేర్పగల విద్య. దీన్ని నేర్పనివారే ఆనక ఇంజను మొత్తం మార్చాలని బిల్లు రాస్తారు. నీటిలో ఉండగా స్టార్టు చేసినందువల్ల వచ్చిన నష్టానికి మామూలు బీమాలో, ప్రత్యేకంగా ఇంజను రక్షణ కొనుక్కుంటే తప్ప, పైసా రాదు.

పాత బండికి ఇప్పుడు మరో రెండు దెబ్బలు. 2025 నాటికి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు దేశమంతా వచ్చింది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది, పాత కాలపు రబ్బరును పాడుచేస్తుంది. బందరు గాలిలో తేమకు కరువు లేదు. నెలల తరబడి నిలబెట్టిన ట్యాంకులో తుప్పు, పగిలిన పైపు తప్పవు. పైపులు, సీళ్ళు ఇథనాలును ఓర్చే రకంవి మార్చుకోవాలి, నిలబెట్టేముందు కార్బొరేటరు ఖాళీ చేయాలి. ఈ మాట 1996కు ముందు బండి అమ్మినవారు ఎవరైనా మీ ఇంటికి ఉత్తరం రాసి చెప్పారా? రెండవది రుసుము. 2022 ఏప్రిలు నుంచి పాత మోటారుసైకిలు రిజిస్ట్రేషను పొడిగింపు 300 నుంచి 1,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2,000 చేశారు. కార్లకు పదివేలు. పొగ తక్కువగా, బ్రేకు గట్టిగా ఉంచుకున్న బండికీ, పాకలో కుళ్ళుతున్న బండికీ రుసుము ఒక్కటే! ఇది కాలుష్యం మీద పన్నా, ఓపిక మీద పన్నా?

కంపెనీలు తలచుకుంటే ఏం చేయగలవో మాజ్దా చూపింది. 1989లో తెచ్చిన తన చిన్న స్పోర్ట్సు కారుకు 2017లో జపానులో పునరుద్ధరణ పథకం ప్రకటించి, ఆగిపోయిన విడిభాగాలను మళ్ళీ తయారుచేయించింది. ఆనాటి టైరును సైతం బ్రిడ్జిస్టోను చేత తిరిగి చేయించింది. మన ఆర్ఎక్స్ 100కు, రాజదూత్ 350కి అంత మర్యాద అడగడం లేదు. కొలతలు చెప్పండి చాలు. పిస్టను కొలత, బేరింగు సంఖ్య, బోల్టు ఎంత బిగించాలో ఉన్న సర్వీసు పుస్తకం అందరికీ అందేట్టు చేయండి. తయారీ ఆపేసిన బండి గురించి దాచుకోవలసిన రహస్యం ఏమిటి?

"ఎయిర్‌బ్యాగు కూడా చెట్టుకింద విప్పమంటారా, బ్యాటరీ బండిని కూడా స్క్రూడ్రైవరుతో పొడవమంటారా" అని అడిగేవారున్నారు. అనను. వాటికి శిక్షణ కావాలి, ఆ శిక్షణ కంపెనీ గోడల బయట గుడివాడ కుర్రాడికీ దొరకాలి. బందరు నుంచి బెజవాడ డెబ్బై కిలోమీటర్లు. క్లచ్చి తీగ తెగినవాణ్ణి, ప్లగ్గు తడిసినవాణ్ణి అంత దూరం తోసుకుంటూ రమ్మనే ముందు, ఆ సర్వీసు పుస్తకం తెలుగులో అచ్చు వేయమనండి. ఎయిర్‌బ్యాగు సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.