గేటు దగ్గరే తేదీ వేయించుకుందాం

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్, గాజువాకల్లోని చిన్న యూనిట్ల యజమానులకు, కార్మికులకు విజ్ఞప్తి.

పెద్ద కంపెనీలు ఇప్పుడు నిల్వలు పెట్టుకోవడం మానేస్తున్నాయి. ఏ రోజుకు కావలసిన విడిభాగం ఆ రోజే రావాలంటున్నాయి. వాళ్లకది పొదుపే. కానీ ఆ నిల్వ భారం వచ్చి మన షెడ్ల మీద పడింది. ఉక్కు కొనేది మనం, ముందే చేసిపెట్టుకునేది మనం, దాని మీద బ్యాంకు వడ్డీ కట్టేదీ మనమే. బిల్లు డబ్బు వచ్చినా రాకపోయినా మరుసటి నెలలో జీఎస్టీ కట్టి తీరాలి. కార్మికుల జీతాలు ఆపలేం, ఆపకూడదు కూడా.

2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం మన పక్షానే ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం రాసుకున్నా 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదు. రాసుకోకపోతే 15 రోజులే. గడువు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. సేవలందించే చిన్న సంస్థలకూ ఇదే రక్షణ. ఈ రక్షణ అందాలంటే, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ముందు ఆ పని చూసుకోండి.

మరి నెలల తరబడి బాకీలెందుకు? రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుందన్న దగ్గరే మనం మోసపోతున్నాం. సరుకు స్టోర్స్‌లో పడి ఉంటుంది. అడిగితే "క్వాలిటీ వాళ్లు ఇంకా చూడలేదు" అంటారు. చూసేదాకా గడువు మొదలుకాదన్నట్టు మాట్లాడతారు. అది అబద్ధం. సరుకు చేరిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, చేరిన రోజే ఒప్పుకున్నట్టని చట్టం స్పష్టంగా చెబుతోంది. అందుకే ఆ తేదీకి రుజువు మన చేతిలో ఉండాలి. చలాన్ మీద తేదీ, సంతకం, ముద్ర పడందే బండి వెనక్కి రాకూడదని డ్రైవర్లకు గట్టిగా చెప్పండి.

ఒక్కరే పట్టుబడితే రేపు ఆర్డరు పక్క షెడ్డుకు పోతుంది. ఎస్టేట్ ఎస్టేటంతా ఒకే రోజు మొదలుపెడితే ఎవరినని పక్కన పెడతారు? ఇలాంటి బాకీల ఫిర్యాదులు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఎక్కడానికి మనవాళ్లు జంకేదీ ఆర్డరు పోతుందన్న భయంతోనే. కాబట్టి సభ్యుల తరఫున, వాళ్ల పేరు బయటపడకుండా, సంఘమే ఫిర్యాదు చేసేలా కేంద్రం చట్టాన్ని సవరించాలి. ఫిర్యాదును 90 రోజుల్లో తేల్చాలన్న నిబంధన చట్టంలో ఇప్పటికే ఉంది. అది అమలయ్యేలా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కౌన్సిళ్లకు తగినంత సిబ్బందిని ఇవ్వాలి.