సిరిసిల్ల సభ నుంచి మేయర్ కుర్చీ దాకా

బీర్పూర్‌లో బస్సెక్కి జగిత్యాల, వేములవాడ దాటి సిరిసిల్లలో దిగితే ముందు చెవినపడేది సాంచాల (మరమగ్గాల) చప్పుడు. ఈ ఊళ్లోనే 1935లో నిజాం రాష్ట్ర నాలుగో ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు మాడపాటి హనుమంతరావు. వెంటే జరిగిన మహిళాసభకు ఆయన భార్య మాణిక్యమ్మ అధ్యక్షురాలు. ఒకే ఊళ్లో ఆలుమగలిద్దరూ రెండు సభలు నడపడం ఆ రోజుల్లో చిన్న మాటా?

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో, సంఘసంస్కర్త కార్వే అధ్యక్షత వహించిన సభలో, తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలి చేశారు. ఆ రాత్రే, తర్వాత ఈ మహాసభగా ఎదిగిన ఆంధ్ర జనసంఘం పుట్టింది. అందులో ముందునిలిచిన మాడపాటికి అప్పటి రాజభాష ఉర్దూ మీద పగ లేదు. ప్రేమ్‌చంద్ ఉర్దూ కథలను తెనిగించిన మనిషి ఆయన!

1928లో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టారు. సర్కారు గుర్తింపు దొరకలేదు. ఆయన గొడవకు దిగలేదు, పిల్లలను పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చోబెట్టారు. ఈ మెత్తదనమే కుర్రకారుకు నచ్చలేదు. మితవాది అన్నారు, నిజమే. కానీ వెట్టిచాకిరీ మీద ఆయన రాసిన చిన్న పుస్తకం ఊరూరా తిరిగింది.

1951లో హైదరాబాదు తొలి మేయరయ్యారు, తర్వాత శాసనమండలి అధ్యక్షులూ అయ్యారు. నా మటుకు, ఆ పదవులన్నిటికన్నా ఆ బడే పెద్దది.

సిరిసిల్ల సభ ముచ్చట్లు మీ ఇంటి పెద్దల నోట విన్నారా? పాత ఫొటో, కరపత్రం ఏదున్నా మాకు పంపండి. నకలు తీసుకొని భద్రంగా తిరిగిస్తాం.