ఒక్కరేనా?

రామోజీ ఫిల్మ్ సిటీ చూసొచ్చిన చాలామంది ఇంటికొచ్చాక ముందుగా చెప్పేది ఒక టాంగా గురించి. జనంలోంచి ఒకావిడను పైకి పిలుస్తారు. బండి మీద కూర్చోబెట్టి, చేతికి కొరడా ఇచ్చి, ‘షోలే’లో బసంతిలా గుర్రాన్ని అదిలించమంటారు. గుర్రం ఉండదు, దారీ ఉండదు. బండి ఉన్నచోటే ఊగుతుంది, కెమెరా తిరుగుతుంది. తర్వాత మరికొందరిని పిలిచి తలా ఒక పరికరం చేతికిచ్చి చప్పుళ్లు చేయిస్తారు. చివరికి తెర వెలుగుతుంది. ఇందాక సిగ్గుపడుతూ నవ్విన ఆవిడే ఇప్పుడు దౌడు తీస్తున్న టాంగా మీద, డెక్కల చప్పుడు మధ్య కనిపిస్తుంది. హాలంతా ఈలలు.

ఆవిడతో వచ్చినవాళ్లు ఆవిడనే చూస్తారు, ఫోన్‌లో పట్టుకుంటారు. ఒంటరిగా వచ్చిన మనిషికి అక్కడ చూసుకోవాల్సిన సొంతవాళ్లెవరూ లేరు. అందుకే ఆ చూపు బండి కిందికి పోతుంది. లైటు తిప్పుతున్న కుర్రాడి మీదికి, రోజూ అదే మాటను అదే ఉత్సాహంతో చెప్పే వ్యాఖ్యాత గొంతు మీదికి పోతుంది. తెర ముందు కూర్చున్నా ఆ మనిషి తెర వెనకే ఉంటుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బడిపిల్లలకు ఫిల్మ్ సిటీ అంటే ఎక్స్‌కర్షన్. తెల్లవారకముందే బస్సు, డబ్బాలో పులిహోర, టోపీలు పెట్టుకున్న సార్లు. విజయవాడ హైవే పక్కన 1996లో మొదలైన ఆ చోటు 1,666 ఎకరాలతో ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్‌కెక్కింది. సినిమా తీసే చోటునే చూడ్డానికి వచ్చేవాళ్లకు తెరిచి, దాన్నే వినోదంగా మార్చడం అందులోని గొప్ప ఆలోచన. ముందు నుంచి వీధిలా కనిపించేది వెనక్కి వెళ్తే ఉత్త గోడ అని తెలిశాక పిల్లల మొహాలు చిన్నబోవు, ఇంకా వెలుగుతాయి. మోసం బయటపడిందని కాదు, పనితనం కనిపించిందని.

అమెరికాలోని ఫ్లోరిడాలో డిస్నీవాళ్లు ఈ ముచ్చటనే విడిగా అమ్ముతారు. 1971 అక్టోబరు 1న తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కుకు అడుగున సొరంగాలున్నాయి. నిజానికి వాటిని నేలలోకి తవ్వలేదు. అక్కడ కొద్దిగా తవ్వితేనే నీళ్లు ఊరతాయి. అందుకని సొరంగాలను నేల మీదే కట్టి, పక్కనే చెరువు తవ్వగా వచ్చిన మట్టిని చుట్టూ పోసి, వాటి పైన పార్కు కట్టారు. జనం నడిచేది రెండో అంతస్తు మీద. వేషాలు వేసుకున్నవాళ్లు, సరుకులు, వంటశాలల సామాను అంతా కింది నుంచి పోతాయి. చెత్త కూడా జనానికి కనపడదు, గొట్టాల్లో గాలి ఒత్తిడితో ఈడ్చుకుపోతుంది. పార్కు టికెట్టుకు తోడు వేరే డబ్బు కడితే సుమారు ఐదు గంటలపాటు తిప్పి ఇవన్నీ చూపిస్తారు. పదహారేళ్లలోపు పిల్లలను రానివ్వరు, తెర వెనక ఫొటోలు తీయనివ్వరు.

ఒంటరివాళ్లకు ఇలాంటి యాత్ర చక్కగా కుదురుతుంది. గైడు వెంట ఒక చిన్న గుంపు ఉంటుంది, అందులో ఎవరు ఎవరితో వచ్చారన్నది ఎవరికీ పట్టదు. డిస్నీ పార్కుల్లో కొన్ని రైడ్లకు ఒంటరివాళ్ల కోసం వేరే వరుస కూడా ఉంటుంది. బండిలో ఒక్క సీటు మిగిలితే ఆ వరుసలోంచి ఒకరిని పిలిచి కూర్చోబెడతారు. ఒంటరి మనిషి వస్తే వాళ్లు దాన్ని లోటుగా చూడరు. ఖాళీ సీటు నిండిందనుకుంటారు.

మన దగ్గర పార్కు గేటులో మొదటి ప్రశ్న ‘ఎంతమంది?’ ఒక్కరే అని చెప్పగానే రెండో ప్రశ్న. ‘ఒక్కరేనా మేడం?’ అందులో కొంత జాలి, కొంత అనుమానం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పెద్ద వినోద పార్కు లేదు, ఆ బెంగా అక్కర్లేదు. డబ్బు పెట్టి చూడదగ్గ తెర వెనకలు మాత్రం ఇక్కడ అడుగడుగునా ఉన్నాయి. వాటిని చూపించే ఏర్పాటు లేకపోవడం, ఒక్కరే వస్తే అసలు లెక్కలోకే తీసుకోకపోవడం మాత్రం బాధ కలిగించే సంగతి.

గద్వాలనే తీసుకుందాం. అక్కడికి వచ్చేవాళ్లు ముందు కోట చూస్తారు. సోమభూపాలుడు కట్టించిన కోట అది. లోపల చెన్నకేశవస్వామి గుడి, గుడికి దగ్గర్లోనే డిగ్రీ కాలేజీ. పుస్తకాలు పట్టుకున్న పిల్లలు కోట గుమ్మంలోంచి క్లాసులకు పోతుంటారు. తర్వాత చీరల దుకాణానికి వెళ్తారు. దుకాణంలో పరుపు మీద చీర విప్పి ‘ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు’ అని చెప్తారు. ఆ మాట వెనకున్న పని చూడాలంటే నాలుగు సందులు దాటి మగ్గం ఉన్న ఇంటికి పోవాలి.

అక్కడ నేతగాడి కాళ్లు గుంటలో ఉంటాయి. ఒళ్లు నేసే నాడె ఒకటి, అటూ ఇటూ అంచులకు వేరే నాడెలు. ఒంటి రంగు పేక అంచు దాకా వచ్చి, అంచు రంగు పేకను చుట్టుకుని వెనక్కి మళ్లాలి. ఈ కలయికనే కుప్పడం అంటారు. ప్రతి వరుసకూ ఆ రెండు పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఒక్కచోట తప్పితే అక్కడ సందు పడుతుంది. నునుపైన అంచు మీద గుడి గోపురాల్లా వరుసగా లేచే కోటకొమ్మలు ఈ పట్టులోంచే పుడతాయి. కొంగు దగ్గరికొచ్చేసరికి ఇంకో పరీక్ష. నూలు పడుగు అక్కడితో ఆగుతుంది, పట్టు పడుగు మొదలవుతుంది. ఒక్కో నూలు పోగును ఒక్కో పట్టు పోగుతో చేత్తో మెలేసి కలపాలి. వేళ్లు ఆ పని చేస్తున్నంతసేపూ చూసినవాళ్లకు దుకాణంలో బేరమాడడానికి నోరు రాదు.

ఇద్దరు ముగ్గురు వస్తే మాట్లాడుకుంటూ చూస్తారు, పది నిమిషాల్లో లేస్తారు. ఒక్కరే వస్తే కూర్చుంటారు. ‘ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?’ అని ఆ ఇంటావిడ అడిగితే అందులో అనుమానం ఉండదు, మంచినీళ్ల చెంబు ఉంటుంది. మగ్గం మీదున్న మనిషి తలెత్తకుండానే రెండు మాటలు చెప్తాడు. పట్టు ధర పెరిగిన సంగతి, పిల్లలు ఈ పనిలోకి రాకుండా చదువుకున్న సంగతి. తెర వెనక యాత్రకు ఇంతకంటే ఏం కావాలి?

ఒకటి కావాలి. అలా చూసిన అరగంటకు నేతగాడికి డబ్బు ముట్టాలి. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ల అభిమానం గొప్పదే, అది బియ్యం కొనదు. పార్కులో తెర వెనక చూపించేవాడికి జీతం ఉంది. నేతగాడికి మాత్రం అదే పని మర్యాద కింద, ఉచితంగా అంటగడుతున్నారు. అతని కష్టాన్ని చూడాలనుకునేవాళ్లు ఆ చూపుకు ఖరీదు కట్టి ఇవ్వాలి.

వనపర్తి వైపు వస్తే సరళాసాగర్ ఉంది. వనపర్తి రాజావారు రాణి సరళాదేవి పేరు మీద 1949లో మొదలుపెట్టించిన ప్రాజెక్టు ఇది, 1959లో పూర్తయింది. దీనికి గేట్లు ఎత్తే మనిషి లేడు, మోటారు లేదు. చెరువు నిండితే తనంతట తానే నీళ్లు వదులుతుంది, మట్టం తగ్గగానే తనంతట తానే ఆపేస్తుంది. దీన్ని సైఫన్ పద్ధతి అంటారు. డబ్బాలోని కిరోసిన్‌ను రబ్బరు గొట్టంతో నోటితో పీల్చి కింది సీసాలోకి వదలడం పాత రోజుల్లో ఇళ్లలో అందరూ చేసిందే. ఇక్కడ పీల్చే నోరు నీళ్లే. మట్టం దాటిన నీళ్లు వంపు తిరిగిన మార్గంలోకి జారుతూ లోపలి గాలిని తమతో లాక్కుపోతాయి. గాలి ఖాళీ అయ్యేసరికి వెనకున్న నీళ్లు ఒక్కసారిగా ఉరుముతూ దూకుతాయి. మట్టం దిగగానే గాలి లోపలికి చొరబడుతుంది, ధార తెగుతుంది.

ఏ వినోద పార్కు ఇంజినీరు కట్టిన జలక్రీడ కంటే ఇది తక్కువ? వానలు బాగా పడ్డ ఏడు జనం కట్ట మీదికి వస్తారు, నురగ ముందు సెల్ఫీ తీసుకుంటారు, పోతారు. ఆ నీళ్లు ఎవరూ తలుపు తీయకుండా ఎలా వస్తున్నాయో వాళ్లలో ఎంతమందికి తెలుసు? 2019 డిసెంబరు 31 ఉదయం కట్టకు గండి పడి చెరువు ఖాళీ అయిపోయింది. తర్వాత పూడ్చారు. డెబ్బై ఏళ్ల కిందటి తెలివి మన కళ్లముందే ఉందన్న ఎరుక నలుగురిలో ఉంటే కట్ట బాగోగులు అడిగే గొంతులు కూడా పెరుగుతాయి.

జూరాల సంగతి అందరికీ తెలిసిందే. కృష్ణకు వరదొస్తే గద్వాల, ఆత్మకూరు దారులు కార్లతో నిండుతాయి, చేపల వేపుడు వాసన దూరం నుంచే తగులుతుంది. అక్కడే 234 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది, దిగువ జూరాలలో మరో 240 మెగావాట్లు. గేట్లలోంచి దూకే నీళ్లను చూసి మురిసిపోయే జనం, టర్బైన్‌లోంచి నిశ్శబ్దంగా పోయే నీళ్లే తమ ఇంట్లో బల్బు వెలిగిస్తున్నాయని తలుచుకునే సందర్భం అక్కడ ఎవరూ కల్పించడం లేదు.

ఈ మూడు జిల్లాల్లో దారి చూపింది నాగర్‌కర్నూల్ జిల్లాయే. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, మన్ననూరు కేంద్రంగా అటవీశాఖ 2021 నవంబరులో ‘టైగర్ స్టే’ మొదలుపెట్టింది. రాత్రి బస, సఫారీ, అడవిలో నడకతో పాటు అడవిని కాపాడే పని ఎలా సాగుతుందో కూడా అందులో చూపిస్తారు. బయోల్యాబ్ చూపిస్తారు. శ్రీశైలం దారిలో ప్రయాణికులు పారేసిన ప్లాస్టిక్‌ను ఏరి మోపులు కట్టే చోటు చూపిస్తారు. ఆ మోపుల ముందు నిలబడ్డవాళ్లు మళ్లీ కారు అద్దం దించి సీసా విసరడం కష్టం. స్థానిక చెంచు యువకులే గైడ్లు కావడం అన్నిటికంటే మంచి విషయం. పులి కనపడకపోయినా పాదముద్ర చూసి అది ఎటు పోయిందో చెప్పగలవాడు పక్కనుంటే ఆ రోజు వృథా కాదు.

ఇక్కడ ఒక గీత ఉంది, దాన్ని దాటకూడదు. చెంచు మనిషి దారి చూపించాలి, తాను ప్రదర్శన కాకూడదు. అండమాన్‌లో జారవా తెగ ఆడవాళ్లను పర్యాటకుల ముందు ఆడించిన వీడియో 2012లో బయటికొచ్చినప్పుడు దేశమంతా తల దించుకుంది. చెంచుల గూడెమైన పెంటలో ఎవరి గుడిసెలోకీ కెమెరా దూరనక్కర్లేదు. వాళ్లు ఏం చూపించాలనుకుంటే అదే చూడాలి.

ఒంటరివాళ్ల విషయానికొస్తే, అడవిలోనూ ఇబ్బంది అదే. గదికింత, జీపుకింత అని లెక్కకట్టే చోట ఒక్కరే వస్తే మిగతా సీట్ల ఖర్చూ వాళ్ల నెత్తినే పడుతుంది. శనివారం ఉదయం ఆరింటికి ఒక జీపు, సీటుకు ఇంత అని రాసిపెడితే, అచ్చంపేటలో బస్సు దిగిన టీచరమ్మ ఒకరు, హైదరాబాద్ నుంచి వచ్చిన రిటైరయిన పెద్దాయన ఒకరు అందులో సర్దుకుంటారు. ఆ సాయంత్రానికి వాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లవుతారు.

అన్ని తెరలూ ఎత్తాలని కాదు. ఇదే నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు రేగి తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. వాళ్లంతా జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి పనికి వచ్చినవాళ్లు. గుంపు మేస్త్రుల వెంట మూటాముల్లె సర్దుకుని దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టిన ఈ పాలమూరు జిల్లాల జనానికి ఆ బతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊరు కాని ఊళ్లో, చీకట్లో, మనకు కనపడకుండా పని చేసేవాళ్ల పేర్లు ప్రమాదం జరిగినప్పుడే పేపర్లో పడుతున్నాయి. అలాంటి చోట్లకు చూడ్డానికి వెళ్లకూడదు, వెళ్లనివ్వకూడదు. కానీ బయట ఒక గదిలో ఆ కేంద్రం నమూనా పెట్టి, అక్కడ పనిచేసి రిటైరయినవాళ్లతో చెప్పించవచ్చు. పోయినవాళ్ల ఫొటోలు ఆ గోడ మీద ఉండాలి.

మిగతా వాటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. పర్యాటక శాఖో, జిల్లా యంత్రాంగమో, చేనేత సంఘాలో పూనుకుంటే చాలు. వారంలో రెండు రోజులు, ఫలానా వేళకు, ఫలానా చోటు నుంచి ఒక నడక. తలకు ఒక టికెట్టు. ఒక్కరు వచ్చినా నడక ఆగకూడదు. టికెట్టు డబ్బులో సగానికి పైగా పని చూపించిన మనిషికే చేరాలి. ఆడపిల్ల ఒంటరిగా వస్తే చీకటి పడేలోగా తిరిగి బస్సెక్కేలా వేళలు ఉండాలి, దారిలో శుభ్రమైన బాత్రూమ్ ఉండాలి. నడిపించేవాళ్లలో ఆడవాళ్లు ఉండాలి. కండెలు చుట్టే చేతులు, రంగులు ఎంచే కళ్లు ఎన్నో ఆడవాళ్లవే, మగ్గం గురించి వాళ్లకంటే బాగా ఎవరు చెప్తారు?

సరళాసాగర్ దగ్గర ఇంకా తక్కువ చాలు. వచ్చే వానాకాలం చెరువు నిండే రోజుల్లో కట్ట మీద ఒక బల్ల వేయాలి. దాని మీద నిండా నీళ్లతో ఒక బకెట్టు, కింద ఖాళీది ఇంకొకటి, మధ్యన రబ్బరు గొట్టం. పక్క ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరు గొట్టం పీల్చి వదిలి, నీళ్లు పైకెక్కి కిందికి దిగడం చూపించి, ఆ తర్వాత చెయ్యెత్తి వెనక ఉరుముతున్న కట్ట వైపు చూపించాలి.