చచ్చి పుడితే గానీ దొరకని తీరిక

అజుసా ఐజావాకు 27 ఏళ్లు. జపాన్‌లో ఒక కంపెనీ ఉద్యోగి. సెలవు అన్న మాటే మరిచిపోయి పనిచేసి, ఒకరోజు కుప్పకూలి చనిపోతుంది. తెరపై ఇదంతా నిమిషాల్లో ముగిసిపోతుంది. పైలోకంలో ఎదురైన దేవత ఏం వరం కావాలో కోరుకొమ్మంటుంది. రాజ్యమో, అందమో, శత్రువులపై విజయమో ఆమె అడగదు. ముసలితనం రాని ఒళ్లు, ఎవరూ తొందరపెట్టని బతుకు చాలంటుంది. కళ్లు తెరిచేసరికి వేరే లోకంలో, కొండ మీది ఇంట్లో, 17 ఏళ్ల మంత్రగత్తెగా ఉంటుంది. కూరగాయలు పండించుకోవడం, కింద ఊళ్లోవాళ్లకు మందులివ్వడం, రోజుకు పాతిక దాకా స్లైమ్‌లను (జెల్లీ ముద్దల్లాంటి చిన్న ప్రాణులు) చంపి చిల్లర సంపాదించుకోవడం ఆమె దినచర్య. అలా 300 ఏళ్లు గడిచిపోతాయి.

2021లో వచ్చి, 2025లో రెండో సీజన్ కూడా చూసిన ఈ యానిమే పేరు దాదాపు ఒక వాక్యం. ‘300 ఏళ్లుగా స్లైమ్‌లను చంపుతూ ఉంటే, తెలియకుండానే లెవెల్ మ్యాక్స్ అయిపోయింది’ అని అర్థం. పేరులోనే సగం కథ ఉంది. మిగతా సగంలో పెద్ద ప్రమాదాలేవీ జరగవు. అసలు ఆకర్షణ అదే.

జపాన్‌లో ఇలాంటి కథలను ‘ఇసెకై’ అంటారు. ఆ మాటకు ‘మరో లోకం’ అని అర్థం. మనిషి ఇక్కడ చనిపోయి, ఈ జన్మ జ్ఞాపకాలతోనే అక్కడ పుడతాడు. ఇందులో యుద్ధాలు, రాక్షస రాజులు, ప్రతీకారాలు ఉన్న శాఖ ఒకటుంది. దాని పక్కనే గత పదేళ్లలో ఇంకో శాఖ ఏపుగా పెరిగింది. అందులో హీరో సాగు చేస్తాడు, వంట చేస్తాడు, దుకాణం పెట్టుకుంటాడు, సాయంత్రం అందరితో కలిసి అన్నం తింటాడు. ‘దేవుళ్ల దయవల్ల’ అనే అర్థం వచ్చే పేరుతో అంతర్జాతీయంగా విడుదలైన 2020 యానిమేలో ర్యోమా 39 ఏళ్ల కంపెనీ ఉద్యోగి. చిన్నపిల్లాడిగా మళ్లీ పుట్టి, మురికిని తినే స్లైమ్‌లను పెంచి, వాటితో బట్టలుతికే దుకాణం తెరుస్తాడు. 2023లో వచ్చిన ‘మరో లోకంలో వ్యవసాయ జీవితం’ కథానాయకుడు జబ్బుతో మంచాన పడి చనిపోయినవాడు. అతను కోరుకున్నది జబ్బు చేయని ఒళ్లు, మనుషులకు దూరంగా కాస్త నేల. దేవుడు ఏ పనిముట్టుగానైనా మారే ఒక సాధనాన్ని చేతిలో పెట్టి పంపిస్తాడు. అక్కడి నుంచి అడవిని కొట్టడం, దున్నడం, విత్తడం, కోయడం. ఎపిసోడ్ల కొద్దీ ఇదే.

ఈ కథలు ఎక్కడ పుట్టాయో చూస్తే ఇవి ఇలా ఎందుకున్నాయో కొంత అర్థమవుతుంది. 2004లో మొదలైన ‘షోసెత్సుకా ని నారో’ (‘నవలాకారులమవుదాం’) అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా తమ నవలను అధ్యాయాలుగా ఉచితంగా పెట్టుకోవచ్చు. పాఠకుల ఆదరణను బట్టి ర్యాంకులు వస్తాయి. పైకి వచ్చినవాటిని ప్రచురణ సంస్థలు పుస్తకాలుగా వేస్తాయి. పుస్తకం నడిస్తే బొమ్మల కథ, అదీ నడిస్తే యానిమే. వేల పేర్ల జాబితాలో పాఠకుడి వేలు ఆగాలంటే పేరులోనే కథ చెప్పాలి కాబట్టి పేర్లు చాంతాడులా సాగుతాయి. మరుజన్మ కథలు ర్యాంకుల జాబితాను ఎంతగా ఆక్రమించాయంటే, 2016లో ఆ సైటే వాటికి వేరే జాబితా పెట్టాల్సి వచ్చింది. అంటే వీటిని ముందు ఎవరో స్టూడియో పెద్దలు ఎంపిక చేయలేదు. రోజూ కొంచెం కొంచెంగా చదివే మామూలు పాఠకులు నొక్కీ నొక్కీ పైకి తెచ్చారు.

ఆ పాఠకులు ఉన్న దేశంలో ‘కరోషి’ అనే మాట నిఘంటువులో ఉంది. పని భారంతో చావడం అని దానికి అర్థం. 2014లో జపాన్ పార్లమెంటు కరోషి నివారణకు ప్రత్యేక చట్టమే చేసింది. ఆ మరుసటి ఏడాది క్రిస్మస్ నాడు ప్రకటనల దిగ్గజం డెంట్సులో 24 ఏళ్ల ఉద్యోగిని ఆత్మహత్య చేసుకుంది. అది పని భారం వల్లేనని ప్రభుత్వం 2016లో గుర్తించింది. అక్రమ ఓవర్‌టైమ్ కేసులో 2017లో కోర్టు ఆ సంస్థకు వేసిన జరిమానా 5 లక్షల యెన్‌లు. మన లెక్కలో సుమారు మూడు లక్షల రూపాయలు. అదే ఏడాది కార్మిక శాఖ చట్టాలు ఉల్లంఘించిన 300కు పైగా సంస్థల పేర్లు బయటపెట్టింది. 2019 ఏప్రిల్ నుంచి ఓవర్‌టైమ్‌కు పరిమితులు వచ్చాయి. మామూలుగా నెలకు 45 గంటలు, ప్రత్యేక పరిస్థితుల్లో అయినా ఏడాదికి 720 గంటలు మించరాదు.

ఇక్కడ చిన్న పక్కమాట. ఇసెకై కథల్లో హీరోను ఈ లోకం నుంచి పంపించే పని తరచుగా ఒక లారీది. రోడ్డు దాటుతుంటే గుద్దేస్తుంది, అంతే. అభిమానులు ఆ లారీకి ‘ట్రక్-కున్’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. నిజ జీవితంలో జపాన్ లారీ డ్రైవర్లకు ఓవర్‌టైమ్ పరిమితి అయిదేళ్లు ఆలస్యంగా, 2024 ఏప్రిల్‌లో వచ్చింది. అదీ ఏడాదికి 960 గంటలు. ఆ లారీ నడిపేవాడు ఎన్ని గంటలుగా నిద్ర లేకుండా ఉన్నాడో ఈ కథలు మామూలుగా అడగవు.

పునర్జన్మ తెలుగువాళ్లకు కొత్త కథావస్తువేమీ కాదు. ‘మూగమనసులు’ (1964) నుంచి ‘జానకి రాముడు’, ‘మగధీర’ (2009) దాకా తెరపై ఎన్నో చూశారు. కానీ మన కథల్లో మనిషి మళ్లీ పుట్టేది బాకీ తీర్చుకోవడానికి. దక్కని ప్రేమ దక్కాలి, తీరని పగ తీరాలి. ఋణానుబంధం అన్నదే ఆ కథల ఇరుసు. ‘ఈగ’ (2012)లో హతుడైన కుర్రాడు ఈగగా పుట్టినా లక్ష్యం మారదు. జపాన్‌లో 37 ఏళ్ల ఉద్యోగి కత్తిపోటుకు చనిపోయి స్లైమ్‌గా పుట్టే కథ ఒకటి ఉంది. 2018లో యానిమేగా వచ్చింది, బాగా పేరున్నది. తనను పొడిచినవాడి కోసం అతను వెతకడు. స్నేహితులను పోగు చేసుకుని ఊరు కట్టుకుంటాడు, ఊరు దేశమవుతుంది. అజుసా కథలో ఇంకా చిత్రమైన సంగతి ఉంది. 300 ఏళ్లుగా ఆమె చంపిన స్లైమ్‌ల ఆత్మలు కూడి ఇద్దరు అమ్మాయిల రూపం దాలుస్తాయి. వాళ్లలో ఒకరు పగ తీర్చుకోవడానికే వస్తుంది. ఆ పగ ఎలా ముగుస్తుంది? ఇద్దరూ ఆమెకు కూతుళ్లై ఆ ఇంట్లోనే ఉండిపోతారు. మన సినిమా అయితే ఇంటర్వెల్ నుంచి క్లైమాక్స్ వరకు ఆ పగే నడిపేది.

అంటే ఈ మరుజన్మలో పాత లెక్కలు లేవు. కర్మ ఫలం లేదు, పాత బంధువులు లేరు, అప్పులు లేవు, మేనేజరు లేడు. భారతీయ దర్శనాలు జన్మల చక్రం నుంచి విడుదలను మోక్షం అన్నాయి. ఇక్కడ విడుదల కావాల్సింది జన్మల నుంచి కాదు, ఒకానొక ఉద్యోగ జీవితం నుంచి. మళ్లీ పుట్టడమే వరం.

అలాగని ఇవి సోమరి కలలని కొట్టిపారేయడం సరికాదు. జాగ్రత్తగా చూస్తే ఈ కథల్లో ఎవరూ ఖాళీగా కూర్చోరు. అజుసా రోజూ స్లైమ్‌లు చంపాల్సిందే. ర్యోమా దుకాణానికి లెక్కలున్నాయి, పనివాళ్లున్నారు, వాళ్ల బాగోగులున్నాయి. అడవిలో పొలం వేసినవాడు పొద్దస్తమానం ఒళ్లు వంచుతూనే ఉంటాడు. పారిపోయింది పని నుంచి కాదు. చేసిన పని కళ్ల ముందు కనిపించాలి, దాని ఫలం చేతికి రావాలి, దాన్ని వాడినవాళ్లు ఎదురుగా నిలబడి బాగుందనాలి, చాలనిపించినప్పుడు ఆపగలగాలి. ఎవరో అడిగిన ప్రెజెంటేషన్‌కు ఇంకెవరో అడిగిన మార్పులు అర్ధరాత్రి చేసేవాడికి ఈ నాలుగూ అద్భుత లోకంలో సంగతుల్లాగే కనిపిస్తాయి. మ్యాజిక్ కన్నా ఇదే పెద్ద ఫాంటసీ.

ఈ కోవలో అన్నిటికన్నా బరువైనది మియా కజుకి రాసిన ‘పుస్తకాల పురుగు’ కథ. 2013లో వెబ్‌సైట్‌లో మొదలై 2017లో ముగిసింది. 2019 నుంచి యానిమేగా వచ్చింది. పుస్తకాలంటే ప్రాణమిచ్చే ఉరానో అనే యువతి భూకంపంలో ఆ పుస్తకాల కిందే నలిగి చనిపోయి, మైన్ అనే అయిదేళ్ల రోగిష్టి పిల్లగా పుడుతుంది. తండ్రి కాపలా సైనికుడు, ఇంట్లో పేదరికం. ఆ నగరంలో పుస్తకం అంటే తోలు కాగితం మీద చేత్తో రాసింది, దొరలకు తప్ప అందనిది. సరే, తానే తయారు చేసుకుందామనుకుంటుంది. గడ్డి నారతో అల్లబోతే చేతకాదు. మట్టి పలకలు చేస్తే కాల్చేటప్పుడు పేలిపోతాయి. రాసుకుందామని పోగేసిన పుల్లలను తల్లి వంటచెరుకు అనుకుని పొయ్యిలో పెడుతుంది. కాగితం చేయాలంటే సామాన్లు కావాలి, సామాన్లకు డబ్బు కావాలి, డబ్బుకు వ్యాపారి కావాలి, వ్యాపారితో ఒప్పందం కావాలి. ఒక వస్తువు వెనుక ఎంతమంది చేతులు, ఎన్ని హక్కులు, ఎంత పెట్టుబడి ఉంటాయో ఇంత ఓపికగా చూపిన జనరంజక కథలు అరుదు.

మామూలు ఇసెకై తప్పించుకుపోయే ప్రశ్నను కూడా ఈ కథ అడుగుతుంది. ఉరానో వచ్చి చేరిన ఒంట్లో అంతకుముందు ఉన్న పసిపిల్ల ఏమైంది? పొరుగింటి పిల్లాడు లుట్జ్ నిజం కనిపెట్టి, మా మైన్‌ను మాకు ఇచ్చెయ్ అని నిలదీస్తాడు. ఇంకోచోట ప్రధాన పూజారి మంత్ర సాధనంతో ఆమె జ్ఞాపకాల్లోకి వెళ్లినప్పుడు, జపాన్‌లో వదిలేసి వచ్చిన తల్లి ఎదురవుతుంది. బతికున్నప్పుడు పుస్తకంలోంచి తల ఎత్తి చూడని కూతురు అప్పుడు క్షమాపణ చెప్పుకుంటుంది. చివరికి కొత్త కుటుంబాన్ని కాపాడుకోవడం కోసం దొరల ఇంటికి దత్తు వెళ్లి, కన్నవాళ్లను అమ్మా నాన్నా అని పిలిచే హక్కునే వదులుకోవాల్సి వస్తుంది. హాయి కథ కోసం వచ్చి కూర్చున్న ప్రేక్షకుడికి ఇది ఊహించని దెబ్బ. అయినా జనం ఆ కథను వదల్లేదు. విశ్రాంతి కోరేవాళ్లు ఆలోచనను కూడా తప్పించుకోవాలనే చూస్తారన్న అంచనా తప్పని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మిగతావాటిలో లోపాలు లేవా అంటే చాలానే ఉన్నాయి. అడవిలో వ్యవసాయం చేసేవాడి చుట్టూ ఒకరి తర్వాత ఒకరుగా అందగత్తెలు చేరుతూనే ఉంటారు. వాళ్లకు వేరే బతుకంటూ ఉండదు. జపాన్ నుంచి వెళ్లినవాడు సబ్బో షాంపూయో మయోనైజో తయారు చేయగానే స్థానికులు నోరెళ్లబెట్టడం అరిగిపోయిన సన్నివేశం. వెనుకబడినవాళ్లకు నాగరికత తెచ్చిన పరదేశి అనే వలస కాలపు ఊహే మారువేషంలో వచ్చింది. ఆ లోకాల్లో రాజులు, దొరలు, గిల్డులు ఎప్పుడూ ఉండేవే. మంచి దొర దొరికితే చాలు, దొరతనం ఉండాలా వద్దా అన్న చర్చ రాదు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది మాత్రం కథ ప్రారంభమే. మనిషి పని భారంతో చచ్చిపోవడం ఇప్పుడు ఈ కథలకు ‘అనగనగా ఒక ఊళ్లో’ లాంటిది. ప్రేక్షకుడు దానికి ఉలిక్కిపడడు, నవ్వుకుంటాడు కూడా. ఆ ఆఫీసులో యూనియన్ పెట్టవచ్చని, ఆరింటికి లేచి ఇంటికి వెళ్లవచ్చని, రాజీనామా చేయవచ్చని రచయితకు తోచకపోవడం కాదు. అది ఎవరూ నమ్మరు. డ్రాగన్‌లను నమ్మించడం తేలిక. దేవత ప్రత్యక్షమై రెండో జన్మ ఇవ్వడం కన్నా మేనేజరు సెలవు మంజూరు చేయడమే అసహజంగా కనిపించే స్థితికి చేరిన సమాజం గురించి ఈ కథలు, తమకు ఆ ఉద్దేశం లేకపోయినా, గట్టి సాక్ష్యం చెబుతున్నాయి.

ఆ సాక్ష్యం భారతదేశంలో అర్థం కాకుండా పోదు. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి 2023 అక్టోబరులో అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ దాన్ని 90కి పెంచారు. ఆదివారాలు కూడా పని చేయించలేకపోతున్నందుకు విచారం వ్యక్తం చేశారు. ఈ రెండిటి మధ్యలో, 2024లో, పుణెలో ఒక పెద్ద ఆడిటింగ్ సంస్థలో చేరి కొద్ది నెలలే అయిన 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ మరణించింది. పని ఒత్తిడే కారణమంటూ తల్లి రాసిన లేఖ దేశమంతా తిరిగింది. సంస్థ ఆ ఆరోపణను అంగీకరించలేదు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ గరిష్ఠ పనివేళలను 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలకు 10 గంటల దాకా అనుమతిస్తూ ఉత్తర్వులిచ్చింది. వారానికి 48 గంటల పరిమితి మాత్రం అలాగే ఉంచింది.

ఇదే కాలంలో యానిమే తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది. ‘సోలో లెవెలింగ్’ వంటివి క్రంచీరోల్‌లో తెలుగు డబ్బింగ్‌తో వచ్చాయి. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగులో థియేటర్లకెక్కింది. ముందుగా వచ్చేవి సహజంగానే కత్తియుద్ధాలు. కొండ మీద ఇల్లు, పెరట్లో కూరగాయలు, గోడ మీద గడియారం లేని బతుకు చూడాలంటే ఎక్కువగా జపనీస్ మాటలు వింటూ ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు చదువుకోవాల్సిందే. జపాన్‌లో తక్కువ సమయంలో ఎక్కువ కంటెంట్ చూసేయాలన్న ఆత్రానికి ‘తైపా’ అనే మాట పుట్టింది. అక్కడి నిఘంటువు ప్రచురణ సంస్థ సన్‌సెయిదో 2022లో దాన్నే ఆ ఏటి మాటగా ఎంపిక చేసింది. అలా చూసేవాళ్లకు అజుసా 300 ఏళ్ల తీరిక కూడా ఒకటిన్నర రెట్ల వేగంతో, భోజనం చేస్తూ, రేపటి మీటింగ్‌కు ముందు అయిపోతుంది.