రోడ్డు తప్ప ఏమీ లేనివాళ్లు

చేను ఊడ్చకుండా వదిలేయడానికి పోలీసుల అనుమతి అక్కర్లేదు. కోనసీమ రైతులు 2011 సార్వాలో ఈ సంగతిని దేశమంతటికీ చూపించారు. కాలువల్లో గోదావరి నీళ్లు పారుతుండగానే ఆకుమళ్లు పోయడం మానేశారు. సుమారు లక్ష ఎకరాలు ఖాళీగా ఉండిపోయాయని ఆనాటి పత్రికలు రాశాయి. అప్పుడు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. ఇక్కడివాళ్లు లెక్కేసుకునే 75 కిలోల బస్తాకు 810. దుక్కి, ఎరువు, కూలి, మక్తా పోను పెట్టుబడి కూడా చేతికి రాదన్నది రైతుల మాట. దానికి తోడు ముంపు బెడద. మురుగు కాలువలు పూడిపోయి, గుర్రపుడెక్క పేరుకుపోయి, సముద్రానికి దగ్గరగా ఉన్న మండలాల్లో గట్టి వాన పడితే రోజుల తరబడి చేలలో నీరు దిగదు. చివరికి కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేయాల్సి వచ్చింది.

సభ పెడితే షామియానా పీకేయొచ్చు. ఊరేగింపు తీస్తే వ్యాన్ ఎక్కించొచ్చు. తన పొలంలో తాను దిగనన్న రైతును ఏ సెక్షన్ కింద పట్టుకుపోతారు? తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1921లో చీరాల–పేరాల జనం మునిసిపల్ పన్ను కట్టమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ తర్వాత పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు ఆపేశారు. ప్రభుత్వానికి కావలసిందేదో మన చేతిలో ఉన్నప్పుడు, దాన్ని బిగబట్టడమే పోరాటమవుతుంది. పంట విరామాన్ని నేను ఆ కోవలోనే చూస్తాను.

పదకొండేళ్ల తర్వాత, 2022 జూన్‌లో అల్లవరం, ఉప్పలగుప్తం, ముమ్మిడివరం, ఐ.పోలవరం మండలాల రైతులు మళ్లీ అదే బాట పట్టారు. ఆ ఏడాది ప్రభుత్వం డెల్టా కాలువలకు జూన్ 1నే నీళ్లు వదిలింది. రైతులు అడుగుతున్నదేమో దాళ్వాలో అమ్మిన ధాన్యం డబ్బులు, మురుగు కాలువల పూడికతీత. అధికార పక్షం దీన్ని ప్రతిపక్షాల పన్నాగమని కొట్టిపారేసింది. బకాయి ఎంత, ఎప్పుడిస్తారు అన్న ప్రశ్న పక్కకు పోయి, మీ వెనక ఎవరున్నారన్న ప్రశ్న ముందుకొచ్చింది. ఏ పార్టీ ఏలుబడిలోనైనా నిరంకుశత్వం ఈ రెండో ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఆ జూన్ ఎలాంటి జూనో గుర్తు చేసుకోవాలి. అప్పటికి కోనసీమలో సుమారు రెండు వారాల పాటు మొబైల్ ఇంటర్నెట్ లేదు. కొత్త జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడుతూ మే 18న ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. మే 24న అమలాపురం కలెక్టరేట్‌కు బయల్దేరిన గుంపు రాళ్లు, నిప్పు పట్టుకుంది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ కుమార్ ఇల్లు తగలబెట్టారు. రాజ్యాంగం రాసిన మనిషి పేరు వద్దంటూ దళిత మంత్రి ఇంటికి నిప్పు పెట్టడాన్ని ప్రజాపోరాటం అనలేం. కులం పేరుతో కూడగట్టిన బలప్రయోగం అది. దోషులను పట్టుకోవాల్సిందే. కానీ శిక్ష పడింది కోనసీమ మొత్తానికి. ఫోన్‌లో డబ్బు పంపుకునే చిన్న వ్యాపారి, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి, రేపటి గాలి సంగతి చూసుకుని వేటకెళ్లే మత్స్యకారుడు, అందరి నోరూ చెవులూ ఒక్క ఉత్తర్వుతో మూతపడ్డాయి. నెట్ నిలిపివేత ఉత్తర్వులు ప్రచురించాలనీ, అవసరానికి మించి ఉండకూడదనీ, న్యాయమైన అసమ్మతిని అణచడానికి 144వ సెక్షన్‌ను వాడకూడదనీ సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. ఆ తీర్పు కోనసీమ ఊళ్ల దాకా నడిచి రాలేదు.

నిప్పు పెట్టిన గుంపునూ, ఆకుమడి పోయని రైతునూ ఒకే గాటన కట్టడం పాలకులకు ఎప్పుడూ సులువు. శాంతిభద్రతలన్న మాట దొరికితే చాలు, ఆ మాట కింద అన్నీ వచ్చేస్తాయి. అదే సంవత్సరం అక్టోబరులో అరసవల్లి దాకా నడుస్తున్న అమరావతి రైతుల యాత్ర ఈ జిల్లాలోని రామచంద్రపురం దగ్గర ఆగిపోయింది. ఆరు వందల మందే నడవాలి, గుర్తింపు కార్డులుండాలి అన్న హైకోర్టు షరతును పోలీసులు రోడ్డు మీద ఒక్కొక్కరి మెడలో వెతికారు. సెప్టెంబరు 12న బయల్దేరినవాళ్లు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అక్టోబరు 22న నడక ఆపేశారు. మరో రెండు నెలలకు కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల్లో జనం చనిపోయారు. ఆ దుఃఖాన్ని ఆసరా చేసుకుని 2023 జనవరి 2న జీవో నంబర్ 1 వచ్చింది. రోడ్ల మీద సభలు, ఊరేగింపులు దాదాపు నిషేధించిన ఆ జీవోను హైకోర్టు మే 12న కొట్టేసింది.

ఆ జీవోకు ఆధారం 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్. సిపాయిల తిరుగుబాటు జరిగిన నాలుగేళ్లకు, జనం గుమిగూడితేనే భయపడే దొరలు రాసుకున్న చట్టమది. మన పార్టీలు అధికారం పోయినప్పుడు దాన్ని తిడతాయి, రాగానే వాడతాయి. 2016 నవంబరులో ముద్రగడ పద్మనాభం రావులపాలెం నుంచి అంతర్వేదికి నడుస్తానంటే ఇదే కోనసీమలో 144, 30 సెక్షన్లు పెట్టి ఆయన్ను ఇంట్లోనే ఆపేసింది అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం. ఆయన కాపు రిజర్వేషన్ల డిమాండుతో నాకు ఏకీభావం లేదు. నడిచే హక్కు మాత్రం ఆయనకు ఉంది. ఆ ఏడాదే భీమవరం పక్కన తుందుర్రులో, ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థాలు గొంతేరు కాలువలో కలుస్తాయని ఎదురుతిరిగిన పల్లెల్లో వారాల తరబడి 144 నడిచింది. ఆడవాళ్ల మీద కూడా హత్యాయత్నం కేసులు పెట్టారు. 151 సీట్లతో వచ్చిన జగన్ ప్రభుత్వం 2024లో 11కు పడిపోయింది. పడిపోవడానికి కారణాలు ఎన్నో. 30వ సెక్షన్ మాత్రం పుస్తకంలో ఉన్నచోటే ఉంది. 144 కొత్త నేర విచారణ ప్రక్రియా స్మృతిలో 163గా మారి కొనసాగుతోంది.

బిగబట్టే పోరాటానికి ఉన్న లోపాన్ని కూడా చెప్పుకోవాలి. పంట విరామం ప్రకటించేది ఎవరు? చాలాచోట్ల భూమి పట్టా ఉన్నవాళ్లు. చేను చేసేదేమో ఎక్కువగా కౌలు రైతు. ఊడ్పులు లేకపోతే ఆ రోజు కూలి పోయేది దళిత పేటల్లో ఉన్న ఆడవాళ్లకి. 2011లో రైతుల డిమాండ్లలో ఉపాధి హామీని వ్యవసాయానికి ముడిపెట్టాలన్నది ఒకటి. ఆ పథకం వల్ల కూలి పెరిగిందన్న కోపం దాని వెనక ఉంది. ఇలాంటి డిమాండు ఉన్న ఉద్యమంలోకి కూలి మనిషి మనస్ఫూర్తిగా ఎందుకొస్తుంది? బిగబట్టే బలం కిందివాడి మీద ప్రయోగిస్తే ఎంత క్రూరంగా ఉంటుందో 2017లో గరగపర్రు చూపించింది. అంబేడ్కర్ విగ్రహం పెట్టుకున్నందుకు ఆ ఊరి దళితులకు పని ఆపారు, పొలం కౌలుకివ్వడం ఆపారు. ప్రభుత్వం మీద ఎక్కుపెట్టినప్పుడు హక్కుల పోరాటంగా కనిపించేదే, పేట మీద ఎక్కుపెడితే వెలి అవుతుంది.

అట్టడుగున ఉన్నవాళ్లు స్వయంగా పని బిగబడితే ఏమవుతుందో అంగన్‌వాడీలు చూపించారు. 2023 డిసెంబరు 12న సమ్మెలోకి దిగారు. అప్పటికి కార్యకర్త జీతం 11,500, ఆయాకు 7,000. బిడ్డకు పాలు, గుడ్డు, బాలింతకు ఆహారం ఇచ్చే ఆ చేతులు ఆగిపోగానే ప్రభుత్వానికి వాళ్ల సేవ అత్యవసరమైంది. జీతం పెంచాల్సి వచ్చినప్పుడు గుర్తురాని అత్యవసరం, సమ్మె అనగానే గుర్తొచ్చింది. జనవరి 6న ఎస్మా ప్రయోగించారు. అయినా వాళ్లు చెదరలేదు. 42 రోజుల తర్వాత చర్చలతోనే సమ్మె ముగిసింది. పల్లెపల్లెలో కేంద్రం, ప్రతి కేంద్రంలో ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి. వేదిక మీది నాయకుడిని అరెస్టు చేస్తే ఆగిపోయే నిర్మాణం కాదది.

ఇప్పుడు ఓడలరేవుకు రావాలి. నా వాదనంతా ఇక్కడే తేలుతుంది.

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోట ఇటు ఓడలరేవు, అటు కరవాక. ఊరి పక్కనే ఓఎన్‌జీసీ టెర్మినల్. సముద్రగర్భంలోని బావుల నుంచి పైపుల్లో వచ్చే గ్యాస్ ఇక్కడ ఒడ్డెక్కుతుంది. దాదాపు 5,700 కోట్ల ఎస్1–వశిష్ట ప్రాజెక్టును 2019 ఫిబ్రవరి 10న ప్రధాని గుంటూరు నుంచి జాతికి అంకితం చేశారు. గ్యాస్ అంటే కోనసీమకు ఏం గుర్తొస్తుందో వేరే చెప్పక్కర్లేదు: 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు.

ఈ ఊరి మత్స్యకారుడు ఏం బిగబట్టగలడు? వేట మానేస్తే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు, టెర్మినల్‌కు వచ్చిన లోటేమీ లేదు. గ్యాస్ వాళ్ల పొలంలో పండదు, వాళ్ల చేతి పనితో రాదు. ఊరి అవసరం లేకుండా ఊళ్లో నడిచే పరిశ్రమ అది. అందుకే ఉద్యోగాలకైనా, పరిహారానికైనా, రోడ్డుకైనా ఇక్కడి జనం మళ్లీ మళ్లీ గేటు ముందుకే వచ్చి కూర్చున్నారు. పైపులైన్ పనుల వల్ల వేట కోల్పోయిన 23,458 కుటుంబాలకు 2022 మే 13న మురమళ్లలో ముఖ్యమంత్రి జగన్ సుమారు 108 కోట్ల పరిహారం విడుదల చేశారు. నెలకు 11,500 చొప్పున నాలుగు నెలలకు. దాన్ని ప్రభుత్వ దయగా ప్రచారం చేశారు. రోడ్డు మీద కూర్చున్నవాళ్లు లేకపోతే ఆ లెక్క కాగితం మీదికే వచ్చేది కాదు.

రైతుకు చేను ఉంది, అంగన్‌వాడీ కార్యకర్తకు చేసే పని ఉంది. రోడ్డు మూసేసినా వీళ్లు మరో దారి వెతుక్కోగలరు. ఓడలరేవు మత్స్యకారుడికి ఆ రోడ్డు ఒక్కటే ఉంది. 30వ సెక్షన్ పెట్టిన ప్రతిసారీ అందరి హక్కూ సమానంగా పోయినట్టు కాగితం మీద కనిపిస్తుంది. నిజానికి దాని బరువు మోసేది బిగబట్టడానికి ఏమీ లేనివాళ్లే. రోడ్డు దిగ్బంధాల వల్ల అంబులెన్సులు ఆగుతాయనీ, ప్రజలు ఇబ్బంది పడతారనీ వాదించేవాళ్లున్నారు. అంబులెన్సుకు దారి వదలాల్సిందే, ఏ ఉద్యమమైనా. దారి క్రమబద్ధం చేయడం వేరు, మనిషిని దారి మీదికే రానీయకపోవడం వేరు. వీధుల్లో సభలను నియంత్రించవచ్చు గానీ మొత్తంగా నిరాకరించే అధికారం పోలీసులకు లేదని సుప్రీంకోర్టు హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పి అర్ధ శతాబ్దం దాటింది.

ఏమీ లేనివాళ్లు గెలిచిన చోటు ఉత్తరాంధ్రలో ఉంది. సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు కలిసి నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసులు కాల్చారు, ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతి రద్దు చేసింది. ఆ తర్వాత కూడా రిలే దీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. రోడ్డు, శిబిరం, కోర్టు మూడింటినీ వాళ్లు వదల్లేదు. బీలలో గడ్డి కోసుకునేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు ఆ దీక్షల్లో కూర్చున్నారు కాబట్టే నాయకులు మారినా శిబిరం నిలిచింది.

కోనసీమకు కూడా అలాంటి వారసత్వం ఉంది. కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం ఎమర్జెన్సీలో జైలుకెళ్లారు. కారంచేడు మారణకాండ తర్వాత దళిత మహాసభ నిర్మాణంలో నిలబడ్డారు. పోలీసులు అరెస్టు చేస్తే ఏం చేయాలో పామరుడికి అర్థమయ్యేలా చిన్న పుస్తకం రాశారు. హక్కు తెలిసినవాడు భయపడడని కాదు, భయపడినా ఏం అడగాలో తెలుస్తుంది. ఈ జిల్లాలో ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? కులసంఘాల వాట్సాప్ గ్రూపులు ఊరూరా ఉన్నాయి. సెక్షన్ నోటీసు ఇస్తే చదివి చెప్పేవాళ్లు ఎన్ని ఊళ్లలో ఉన్నారు?

నిన్నటి ప్రతిపక్షం ఈ రోజు అధికారంలో ఉంది. జీవో 1ను తాను ఎంత తిట్టిందో దానికి గుర్తుండాలి. సభకో ఊరేగింపుకో దరఖాస్తు పెడితే 48 గంటల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వాలనీ, ఇవ్వకపోతే అనుమతి ఇచ్చినట్టేననీ శాసనసభలో చట్టం చేయొచ్చు. 163 కింద ఇచ్చే ప్రతి ఉత్తర్వునూ, కారణాలతో, గడువుతో, తెలుగులో, పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించేలా నిబంధన పెట్టొచ్చు. రేపు మళ్లీ పంట విరామం అనుకునే రైతు సంఘాలు కూడా కౌలు రైతులకు, కూలీలకు కమిటీలో సగం స్థానాలిచ్చి, విరామ కాలంలో వాళ్ల పూట గడిచే ఏర్పాటు చూసి, ఆ తర్వాతే తీర్మానం చేయాలి. ఓడలరేవు సంగతికొస్తే, కలెక్టరు ఓఎన్‌జీసీ అధికారులను వెంటబెట్టుకుని ఏడాదికి రెండుసార్లయినా ఊళ్లోనే బహిరంగ విచారణ జరపాలి. ఎవరేం అడిగారో, ఏం ఒప్పుకున్నారో తెలుగులో రాసి, అక్కడికక్కడే సంతకాలు చేయించి, ఒక ప్రతి గ్రామసభకు ఇవ్వాలి.