రికార్డులు గీసే పోరడు యాడికి పోయిండు?

ప్రతి ఇంటర్ కాలేజీల ఒకడు ఉంటడు. క్లాసుల సగం మంది జువాలజీ రికార్డులు వాడే గీస్తడు. బొద్దింక నోటి భాగాలు, మనిషి గుండె... పెన్సిల్ పట్టిండంటె పుస్తకంల అచ్చేసినట్టే. కూలి ఒక చాయ్, ఒక సమోసా. వినాయక చవితికి మండపం వెనక పర్దా మీద బొమ్మ వాడిదే, స్కూల్ ఆగస్టు పదిహేనుకు గోడ మీద గాంధీ తాత వాడి చేతిదే.

మా బెంచీల కూసునేటోడు ఒకడు గట్లనే ఉండె. ఇప్పుడు మండల కేంద్రంల ఫ్లెక్సీ షాపుల కోరెల్‌డ్రా ముంగట కూసుంటడు. బర్త్‌డే ఫ్లెక్సీ, దశదినకర్మ ఫ్లెక్సీ, సర్పంచ్ సాబ్‌కు శుభాకాంక్షల ఫ్లెక్సీ. నడుమ రెండేండ్లు ఏదో ఇంజినీరింగ్ కాలేజీల చదివి బ్యాక్‌లాగులు పెట్టుకొని వచ్చిండు. "బొమ్మలు గీసుడు గూడ సదువేనా అన్నడు మా బాపు" అని నవ్వుకుంట చెప్తడు. నవ్వు కాదది.

బాపు తప్పు పట్టేది లేదు. ఎకరం, రెండెకరాలు ఉన్నోడు కొడుకు సదువు మీద పెట్టుబడి పెట్టేటప్పుడు, ఊర్ల ఎవలన్న ఆ సదువు చదివి బతుకుతున్నరా అని చూస్తడు. బీటెక్ చదివినోడు కనబడతడు, నర్సింగ్ చేసిన పిల్ల కనబడతది. బీఎఫ్ఏ, బీడిజైన్ చేసినోడు ఊర్ల కనబడడు. కనబడనిదాని మీద పైసలు ఎవలు పెడ్తరు?

గని మన దగ్గర ఈ సదువు కొత్తదేం కాదు. మాసాబ్‌ట్యాంక్‌ల ఉన్న ఫైన్ ఆర్ట్స్ కాలేజీ 1940ల మొదలైంది. 2008ల అది జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ అయింది. పెయింటింగ్, శిల్పం, అప్లయిడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ అన్నీ ఉన్నయి, నాలుగేండ్ల డిగ్రీ. మెదక్ జిల్లా నిజాంపూర్ల పుట్టిన లక్ష్మాగౌడ్, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిల పుట్టిన తోట వైకుంఠం ఇద్దరూ హైదరాబాద్‌ల నేర్చుకొని, ఆడికెళ్లి బరోడా పోయినోళ్లే. వైకుంఠం గీసిన పెద్ద బొట్టు ఆడోళ్లు మన అవ్వలే, మన అత్తలే. ఆయననే బి. నర్సింగరావు తీసిన 'దాసి' సినిమాకు ఆర్ట్ డైరెక్షన్ చేసి నేషనల్ అవార్డు తెచ్చిండు. పల్లె పిల్లలకు ఇది అచ్చిరాదు అనేటోళ్లకు ఈ రెండు పేర్లు చాలు.

మరి ఇప్పుడు ఊర్లకెళ్లి ఎందుకు పోతలేరు? నా లెక్కల మొదటి అడ్డంకి క్యాలెండర్. ఐఐటీల బీడిజైన్ కోసం రాసే యూసీడ్ పరీక్షకు అప్లికేషన్ అక్టోబర్ల పెడ్తరు, పరీక్ష జనవరిల. నిఫ్ట్‌ది గూడ చలికాలంలనే అయిపోతది. మన పిల్లగాడు ఏం చదవాలె అని ఆలోచన చేసేది ఎప్పుడు? ఎండకాలం రిజల్ట్ వచ్చినంక. అప్పటికి రైలు పోయి నాలుగు నెలలు. జేఎన్ఏఎఫ్ఏయూ పెట్టే ఫేడీ పరీక్ష కొంచెం ఆలస్యంగ వస్తది గనుక అదొక్కటే మిగుల్తది, అది గూడ తెలిసినోళ్లకే. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు ఏ లెక్చరరన్న ఒక్క మాట చెప్పి ఉంటె కథ వేరే ఉండు. మన జూనియర్ కాలేజీలల్ల ఆ మాట చెప్పే సారు లేడు.

రెండోది భాష. జేఈఈ మెయిన్ తెలుగుల రాయొచ్చు, నీట్ తెలుగుల రాయొచ్చు. బొమ్మ గీసే యూసీడ్ మాత్రం ఇంగ్లీషుల ఉంటది, నిఫ్ట్ ఇంగ్లీషు లేకుంటె హిందీ. డాక్టర్ కావాల్నంటె తెలుగు పనికొస్తది గని డిజైనర్ కావాల్నంటె పనికిరాదా? ఇది అడగాల్సిన ప్రశ్న, మన ఎంపీలు ఎవలూ అడిగినట్టు నేను వినలే. సీటు వచ్చినంక గూడ తిప్పలే. ప్రతి సెమిస్టర్ చివర జ్యూరీ అని ఉంటది. నువ్వు చేసిన పని గోడకు పెట్టి, ఎందుకట్ల చేసినవో నిలబడి చెప్పాలె. చెయ్యి మంచిగున్న పిల్లలు ఆడ నోరు రాక మార్కులు పోగొట్టుకుంటరు.

మూడోది పైసలు. నిఫ్ట్‌ల ఒక్క సెమిస్టర్ ఫీజే లక్ష దాటుతది. హాస్టలు, రంగులు, ల్యాప్‌టాప్ వేరే. ప్రైవేటోళ్ల కథ ఇంకోటి. హైదరాబాద్‌ల అద్దాల బిల్డింగ్‌ల పెట్టి 'డిజైన్ స్కూల్' అని బోర్డు పెడ్తరు, లోపల ఇచ్చేది డిప్లొమా కాయితం. తమ్మీ, చెల్లె, పైసలు కట్టే ముంగట మూడు అడుగుండ్రి: డిగ్రీ ఇచ్చేది ఏ యూనివర్సిటీ? ఈ కోర్సుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నదా? పోయిన ఏడు ఫైనలియర్ పిల్లలు చేసిన పనులు చూపెడ్తరా? మూడోదానికి నసిగిండ్రంటె ఎనకకు మర్లి బస్సెక్కుండ్రి.

ఇగ ఏఐ వచ్చింది గద, బొమ్మ అదే గీస్తది, ఈ సదువెందుకు అంటరు కొందరు. ఈ మాటను తేలిగ్గ తీసెయ్యలేం. గోడల మీద అక్షరాలు రాసే పెయింటర్లు మన ఊర్లల్ల మస్తు మంది ఉండె. ఫ్లెక్సీ మిషిన్ వచ్చి వాళ్ల బ్రష్షులు ఎండిపోయినయి. ఇప్పుడు అదే ఫ్లెక్సీ షాపుల మా దోస్తు పని మీదికి ఫోన్ల యాప్ వస్తుంది. వత్తులు, గుణింతాలు తప్పు పోతది గనుక ఇంకా వానికి గిరాకీ ఉన్నది. అది ఎన్నొద్దులు? చేతి పని ఒక్కటే నేర్చినోనికి కష్టమే. గీసుడు ఒక్కటే కాకుండ, ఏది ఎందుకు ఎట్ల ఉండాల్నో ఆలోచన చేసుడు నేర్చినోనికి ఇంకా జాగ ఉన్నది. కాలేజీ నేర్పాల్సింది గదే.

ధరణి పోయి భూభారతి వచ్చింది. నా పట్టా నేనే ఫోన్ల చూసుకునేటట్టు ఆ స్క్రీన్ ఉన్నదా? మా నాయిన ఇప్పటికీ మీసేవ మెట్లెక్కుతడు. బ్యాంకు యాప్‌ల తెలుగు చదివితె ఇంగ్లీషే నయం అనిపిస్తది. గవి తయారు చేసెటోళ్లల్ల పాసుబుక్కు పట్టుకొని లైన్ల నిలబడ్డ ఇంట్ల పుట్టినోడు ఒక్కడన్న ఉంటె ఆ బటన్ వేరే తీరు ఉంటుండె. పోచంపల్లి చీరలకు ఆసు పోసుడుకు తల్లి భుజం నొస్తుందని చూసి మిషిన్ చేసిన చింతకింది మల్లేశం ఏ డిజైన్ కాలేజీకి పోలే. నొప్పి దగ్గరికెళ్లి చూసిండు. 2017ల పద్మశ్రీ వచ్చింది.

ఇంకో ముచ్చట. 1958ల చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికా జంట మన సర్కారు అడిగితె దేశమంత తిరిగి ఒక రిపోర్టు ఇచ్చిండ్రు. తాము చూసిన అన్ని వస్తువులల్ల గొప్పది, అందమైనది చెంబు అని రాసిండ్రు. మనం మొహం కడుక్కునే చెంబే! ఆ రిపోర్టు ఆధారంగనే 1961ల అహ్మదాబాద్‌ల ఎన్ఐడీ పెట్టిండ్రు. దాని తమ్ముని లెక్క ఒకటి 2015ల ఆంధ్రల మొదలైంది. చెంబు మన ఇంట్లది, దాని మీద సదువు చెప్పే బడి దారి మాత్రం మన ఊరికి తెల్వది.

మొన్న పండుగకు పోయినప్పుడు మా దోస్తు చెల్లె ఇంటర్ ఫస్టియర్ అని తెలిసింది. సీఈసీ. నోట్సు అంచులన్నీ బొమ్మలే. ఏ గ్రూపైనా యూసీడ్ రాయొచ్చని చెప్తె నమ్మలే, ఫోన్ల తీసి చూపెట్టిన. "అన్నా, ఫారం ఎప్పుడు పెడ్తరు?" అని అడిగింది. అక్టోబర్ అని చెప్పిన. వాళ్ల బాపు ఏం అంటడో ఇంకా తెల్వదు, మాట్లాడుతా అని మా దోస్తే ముందటవడ్డడు.